లంచ్ గంటలో పట్టని ఆరు ఫైళ్లు

అమెరికాలో మన తెలుగు సంఘాల సావనీర్లలో జీవిత చిత్రణకు ఎక్కాలంటే కొన్ని అర్హతలు కావాలి. డాక్టరై ఉండాలి, లేదా గుడికి గోపురం కట్టించి ఉండాలి, అదీ కాకపోతే కన్సల్టెన్సీ పెట్టి నలుగురికి వీసాలు ఇప్పించి ఉండాలి. 'అంచెలంచెలుగా ఎదిగి' అన్న మాట రెండో పేరాలో వస్తుంది. ధర్మపత్ని సహకారం ఆఖరి పేరాలో. ఫోటోలో కోటు తప్పనిసరి.

విజయశ్రీ వీటిలో దేనికీ పనికిరాదు. ఇల్లెందులో పుట్టింది, వరంగల్‌లో ఎంసీఏ చదివింది, 1998 అక్టోబరులో వైటూకే పనులకొచ్చిన గుంపుతోపాటు అమెరికా వచ్చింది. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో, మందుల షాపులకు సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక మధ్యరకం కంపెనీలో పనిచేసింది. 2004 వేసవిలో అక్కడ ఆరు ఫైళ్ల సైజు తగ్గించింది. చెప్పుకోదగ్గది ఇంతే. దీన్ని చెప్పడానికి కారణం ఆ ఫైళ్లు లావెక్కిన పద్ధతి. దాన్ని మించిన తెలుగు వ్యవహారం నేను అమెరికాలో చూడలేదు.

ముందు ఆవిడ ఉద్యోగం సంగతి. విండోస్‌లో డీఎల్ఎల్ అని ఒక రకం ఫైలు ఉంటుంది. నాలుగు ప్రోగ్రాములకు కావలసిన పనిని ఒకచోట చేసి పెట్టే లైబ్రరీ అది. పెళ్లివారికి విడిది ఇళ్లు నాలుగున్నా వంటశాల ఒకటే ఉన్నట్టు. బిల్లు ప్రింటు చేసే పని ఒక లైబ్రరీలో, ఇన్సూరెన్సుకు క్లెయిమ్ పంపే పని ఇంకోదాంట్లో, మందు సీసా మీద లేబుల్ వేసే పని మరోదాంట్లో. అలాంటివి ఆరు. ప్రోగ్రామర్లు రాసిన కోడ్‌ను యంత్రం భాషలోకి కంపైల్ చేసి ఈ ఆరు ఫైళ్లుగా మార్చి, జిప్ చేసి, అంటే నొక్కి చిన్నవి చేసి, ఒక మూటగా షాపులకు పంపేది విజయశ్రీ. బిల్డ్ ఇంజనీర్ అంటారు. రాసేవాళ్లు వంటవాళ్లయితే ఆవిడ క్యారియర్ కట్టే మనిషి. క్యారియర్ కట్టే మనిషికి ఎవరూ శాలువా కప్పరు. కూర ఒలికితే మాత్రం మొదట ఆవిడనే అడుగుతారు.

ఆ షాపులు డాలస్‌లోవి కావు. పశ్చిమ టెక్సాస్‌లో, ఒక్లహోమాలో, పత్తి చేలకూ ఆయిల్ పంపులకూ మధ్య ఉండే చిన్న ఊళ్లలోవి. 2004లో కూడా అక్కడ ఇంటర్నెట్ అంటే మోడెమ్ కీచుమనడమే. షాపుకు ఒకటే ఫోన్ లైను, పగలంతా దాని మీదే ఇన్సూరెన్సు క్లెయిములు వెళ్లాలి. పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా ఫార్మసిస్టు కౌంటర్ మూసి శాండ్‌విచ్ తింటాడు. లైను ఖాళీగా ఉండేది ఆ గంటే. నెలవారీ అప్‌డేట్ ఆ గంటలో దిగాలి. ఎంబీకి ఐదారు నిమిషాల లెక్కన, లైను బాగుంటే, పది ఎంబీలు దిగుతాయి. ఏటా ఒకటో రెండో లైబ్రరీలు చేరుతూ 2004 మార్చికి మూట పంతొమ్మిది ఎంబీలైంది. సగం ఈరోజు, సగం రేపు దించుకునేవాళ్లు. మధ్యలో లైను తెగితే మళ్లీ మొదటినుంచి.

రెండువందల పన్నెండు షాపులున్న ఒక పెద్ద ఖాతాదారు విసిగిపోయి ఉత్తరం రాశాడు: జూన్ ఒకటికల్లా మూట లంచ్ గంటలో దిగాలి. లేకపోతే వేరే సాఫ్ట్‌వేర్ చూసుకుంటాం.

ఇప్పుడు పద్మనాభం గారిని పరిచయం చేయాలి. ఆయన డైరెక్టర్. దొరలు ఆయన్ని ప్యాడీ అంటారు. తెలుగువాళ్లు దొరల ముందు ప్యాడీ అనీ, కారిడార్‌లోకి రాగానే పద్మనాభం గారనీ అంటారు. శనివారం ఇంట్లో భజన, సోమవారం ఆఫీసులో ప్రవచనం. పదకొండుమంది టీములో తొమ్మిదిమంది తెలుగువాళ్లు. అందులో ఏడుగురి గ్రీన్‌కార్డు ఫైళ్ల మీద ఆయన సంతకం కావాలి. ఉత్తరం వచ్చిన రోజు ఆయన విజయశ్రీని పిలిచి చాలా మృదువుగా చెప్పాడు: "ఈ కాంట్రాక్ట్ పోతే మేనేజ్‌మెంట్ కాస్ట్ చూస్తుందమ్మా. బిల్డ్ పని హైదరాబాద్ వెండర్‌కి ఇచ్చేద్దామంటున్నారు. నేనేం చేయలేను."

బిల్డ్ టీమ్ అంటే విజయశ్రీ ఒక్కతే. అక్టోబరుతో ఆవిడ హెచ్-వన్ వీసాకు ఆరేళ్లు నిండుతాయి. కంపెనీ ఆవిడకు గ్రీన్‌కార్డుకు మొదటి మెట్టయిన లేబర్ అప్లికేషన్ వేసింది కిందటి సెప్టెంబరులో. దానికి ఏడాది నిండితే ఏడో ఏడు పొడిగింపు వస్తుంది, ఉద్యోగం ఉంటే. ఈలోగా ఉద్యోగం పోతే ఫైలూ పోతుంది, మనుషులూ వెళ్లిపోవాలి. భర్త రాజ్ ఆవిడ వీసా మీద వచ్చినవాడు. పనిచేయడానికి చట్టం ఒప్పుకోదు, వంట చేస్తాడు, బాగా చేస్తాడు. కూతురు స్పందన మూడో తరగతి. సెప్టెంబరు దాకా కుర్చీ కదలకుండా కూర్చోవడం, ఆవిడ ముందున్నది అదొక్కటే. ఆ కుర్చీ పంతొమ్మిది ఎంబీల మీద ఉంది.

పద్మనాభం గారు మీటింగు పెట్టాడు.

"ఫ్రెండ్స్, లెస్ ఈజ్ మోర్. మన పెద్దలు అపరిగ్రహం అన్నది ఇదే. ప్రతి ఒక్కరూ తమ కోడ్‌లో బరువు దించుకోవాలి. కామెంట్లన్నీ తీసేయండి. వేరియబుల్ పేర్లు మూడక్షరాలకు మించొద్దు."

కంప్యూటర్ సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: కామెంట్ అంటే ప్రోగ్రామరు తోటి మనిషి కోసం రాసుకునే గమనిక. కంపైల్ చేసేటప్పుడు యంత్రం దాన్ని ఊదేస్తుంది. కోడ్‌లో ఒక్కో విలువకు పెట్టుకునే ఆ వేరియబుల్ పేర్లూ అంతే. చివరి ఫైలులో వాటికి చోటే లేదు. పప్పు బరువు తగ్గించడానికి వంటల పుస్తకంలో అక్షరాలు చిన్నవి చేయమన్నట్టు ఉంది ఆయన ఆజ్ఞ. కంప్యూటర్ కోర్సు మొదటి సెమిస్టర్ పాసైన ప్రతివాడికీ ఇది తెలుసు. గదిలో ఉన్న పదకొండుమందికీ తెలుసు. అందరూ తలలూపారు. ఒకాయన నోట్‌బుక్‌లో రాసుకున్నాడు కూడా.

బయటికొచ్చాక పార్కింగ్‌లో విజయశ్రీ చక్రపాణిని పట్టుకుంది. చక్రపాణి టీములో సీనియర్, గుంటూరు మనిషి, పని తెలిసినవాడు.

"నువ్వన్నా చెప్పొచ్చు కదా చక్రీ, దాంతోని ఏం తగ్గదని?"

"నేనా? నా గ్రీన్‌కార్డు ఐ-వన్‌ఫార్టీ మీద నువ్వు సంతకం పెడతావా?"

"రెండు వారాల పని దండగ."

"దండగేంటి తల్లీ, జీతం ఇస్తున్నారుగా. పేర్లు కత్తిరించమన్నాడు, కత్తిరిద్దాం. రేపు గుండు కొట్టించుకోమంటే అప్పుడాలోచిద్దాం."

రెండు వారాలు పదకొండుమంది పేర్లు కత్తిరించారు. రోగికి పేషెంట్ నేమ్ అని ఉండాల్సిన చోట 'పీఎన్', మందుకు ప్రొడక్ట్ నేమ్ అని ఉండాల్సిన చోటా 'పీఎన్' అయి, టెస్టింగ్‌లో ఒక ముసలాయన పేరు ఆస్పిరిన్ అని ప్రింటైంది. దాన్ని సరిచేయడానికి ఇంకో మూడు రోజులు. అప్పుడు విజయశ్రీ బిల్డ్ చేసి చూసింది. పంతొమ్మిది ఎంబీలు. చక్రపాణి ఎవరికీ చెప్పకుండా కంపైలర్‌లో పనికొచ్చే రెండు మూడు స్విచ్‌లు తిప్పి, ఏ ప్రోగ్రామూ వాడని కోడ్ ముక్కలను బయటికి తోయించాడు. అరకొరగా రెండువందల కేబీలు తగ్గాయి. చేయాల్సిన పని చేసి దాచుకున్నాడు, చేయకూడని పనిని నలుగురిలో చేశాడు. పెద్దమనిషి నీడలో బతికే తెలివైనవాళ్ల తీరు ఇది; దీన్నే మనవాళ్లు వినయం అని మెచ్చుకుంటారు.

మే మొదటి వారంలో పద్మనాభం గారికి రెండో జ్ఞానోదయం కలిగింది. డీఎల్ఎల్‌ను లోపల్లోపలే నొక్కి చిన్నది చేసే ప్యాకర్ అనే పనిముట్టు ఒకటి ఇంటర్నెట్‌లో దొరికింది. క్లెయిముల లైబ్రరీని దాంతో నొక్కి తెర మీద చూపించాడు. ఐదు ఎంబీల ఫైలు మూడున్నర అయింది. చప్పట్లు. ఇర్వింగ్ నుంచి తెప్పించిన కాజూ బర్ఫీ పంచారు.

విజయశ్రీ చేయెత్తింది. "సార్, మనం షాపుకు పంపేటప్పుడు ఎట్లాగూ జిప్ చేస్తాం కదా. జిప్ చేస్తే ఆ ఐదు కూడా మూడున్నరే అయితది. ఫోన్ లైన్ మీద దిగేది అంతే."

పద్మనాభం గారు బర్ఫీ నమిలి మింగి, నవ్వాడు. "పాజిటివ్‌గా ఆలోచించమ్మా. ప్రతిదానికీ నెగటివ్ ఎనర్జీ వద్దు."

కట్టిన మూటను మళ్లీ మూట కట్టినంత మాత్రాన బరువు తగ్గదనడం ఫ్రిస్కోలో నెగటివ్ ఎనర్జీ. ఆ ప్యాక్ చేసిన లైబ్రరీని ఒక షాపుకు ప్రయోగంగా పంపమన్నాడు. పంపింది. అలా నొక్కిన ఫైళ్లంటే యాంటీవైరస్‌కు అనుమానం, వైరస్‌లు రాసేవాళ్లూ అవే పనిముట్లు వాడతారు కాబట్టి. ఆ షాపు కంప్యూటర్ క్లెయిముల లైబ్రరీని పట్టుకుని పక్కన పెట్టేసింది. ఆ మధ్యాహ్నమంతా ఆ ఊళ్లో ఒక్క ఇన్సూరెన్సు క్లెయిమ్ కూడా వెళ్లలేదు. ఇన్సులిన్ కోసం వచ్చిన ముసలివాళ్లు కుర్చీల్లో కూర్చుని, గోడకున్న క్యాలెండర్ చూసి, వెళ్లిపోయారు.

మర్నాడు అందరికీ ఈమెయిల్ వచ్చింది: 'బిల్డ్ ప్రక్రియలో లోపం వల్ల ఖాతాదారుకు ఇబ్బంది కలిగింది. బిల్డ్ టీమ్ పనితీరు సమీక్షిస్తున్నాం.' టీమ్ అన్నారు గౌరవార్థం. ఉన్నది ఒకతే అని చెప్పాను కదా.

ఆ ఆదివారం విజయశ్రీ తండ్రిని తీసుకుని ప్లేనోలో ఇండియన్ షాపుకు బయల్దేరింది. ఆయన పేరు తిరుపతయ్య. ఇల్లెందు బొగ్గు గనుల్లో లారీలు తూచే కాటా మీద గుమాస్తాగా రిటైరై, ఆరు నెలలకని ఫ్రిస్కో వచ్చాడు. కారు నడపలేడు, నడిచి వెళ్లడానికి ఏమీ లేదు, వారానికి ఒకసారి తోటకూర కోసం బయటపడతాడు.

"ఏందే, మొఖం గట్ల వెట్టినవ్?"

"ఏం లేదు బాపూ. ఫైళ్లు బరువెక్కినయ్. ఏది తీసినా తగ్గుతలేవు."

"ఖాళీ బండి తూసినవా?"

"ఖాళీ బండేంది?"

"సరుకు ఎక్కియ్యని బండి. లారీ బరువెంతో తెల్వకుండ బొగ్గు బరువెట్ల జెప్తవే? బొగ్గు తక్కువొచ్చిందని మొత్తుకుంటరు. సూస్తే లారోడు కింద ఇనుప పట్టీలు కొట్టిచ్చి ఉంటడు. ఆ ఏసీ జర తగ్గియ్, చెవులు గుంజుతున్నయ్."

పెద్దల వివేకం అని కళ్లు తుడుచుకోకండి. ఆయన కూతురు చెప్పింది సగమే విన్నాడు. తూకం వేసేవాడు ఎవడైనా అడిగే మొదటి ప్రశ్న అది. విచిత్రమేమిటంటే రెండు నెలలుగా పదకొండుమంది డిగ్రీలవాళ్లలో ఒక్కరూ అడగలేదు, విజయశ్రీతో సహా. అందరూ బొగ్గు ఏరుతున్నారు.

సోమవారం పొద్దున ఆవిడ కొత్త లైబ్రరీ ఒకటి మొదలుపెట్టింది. కంపెనీలో ఏ లైబ్రరీ మొదలుపెట్టినా ఒక నమూనా ఫోల్డర్ కాపీ చేసుకుని మొదలుపెట్టాలి. అది అక్కడి నియమం. కాపీ చేసింది. ఒక్క లైను కోడ్ రాయకుండా కంపైల్ చేసింది. ఖాళీ లైబ్రరీ. యాభై, అరవై కేబీలు ఉండాలి.

రెండు పాయింట్ నాలుగు ఎంబీలు ఉంది.

ఫైలు తెరిచి లోపల ఏముందో చూసింది. ఒక ఫోటో ఉంది. కంపెనీ స్థాపకుడు, నీలం టై, వెనకాల తెర, పెదాలు విప్పని నవ్వు. పాత ఫోటోను స్కాన్ చేసి, కుదించకుండా, చుక్క చుక్కా యథాతథంగా పెట్టిన బొమ్మ. స్కాన్ గరుకు వల్ల జిప్ చేసినా రెండు ఎంబీల కిందికి దిగదు. ఆరు లైబ్రరీలూ ఆ నమూనా నుంచే పుట్టాయి. ఆరింటిలోనూ ఆయన నవ్వుతున్నాడు. ఆరు రెళ్లు పన్నెండు. షాపు షాపుకీ నెలనెలా, శాండ్‌విచ్ చల్లారుతుండగా, గంటకు పైగా కంపెనీ యజమాని ముఖం ఫోన్ తీగల మీద ప్రయాణం చేస్తోంది.

ఎవరు ఎప్పుడు ఏం మార్చారో రాసి ఉండే లాగ్ చూస్తే తెలిసింది: 2001లో ఆ ఫోటో పెట్టింది పద్మనాభం గారు, స్థాపకుడి అరవై అయిదో పుట్టినరోజున. పక్కనే ఒక కామెంట్: 'మన స్థాపకులకు కృతజ్ఞతతో. తొలగించరాదు.' పేర్ల కత్తిరింపు కార్యక్రమంలో అన్ని కామెంట్లూ పోయాయి, ఈ ఒక్కటే బతికింది. ఆ ఫోటోను తెర మీద చూపించే కోడ్‌ను రెండేళ్ల కిందటే ఎవరో తీసేశారు. అంటే అది ఉంది, కానీ ఎవరికీ కనపడదు.

చక్రపాణి డెస్క్ దగ్గరికి వెళ్లి చూపించింది. అతను తెర వంక చూడనైనా చూడలేదు.

"దొరికిందా? కంగ్రాట్స్."

"నీకు తెల్సా?"

"చూపించే కోడ్ తీసింది నేనే. షాపువాళ్లు ఓపెన్ చేసినప్పుడల్లా స్లో అవుతోందని కంప్లయింట్ ఇచ్చారు. ఫోటో మాత్రం ముట్టుకోలేదు."

"ఎందుకు?"

"తొలగించరాదు అని రాసి ఉంది. చదవడం రాదా?"

"చక్రీ, నా ఉద్యోగం పోతది ఇక్కడ."

అతను మొదటిసారి తలెత్తాడు. "పోతుందని నాకు తెలీదా? అందరికీ తెలుసు విజయా. ఆ ఫోటో ఉందనీ తెలుసు, నువ్వు పోతావనీ తెలుసు. ఎవరు చెబుతారు? నువ్వు చెప్పు. నీకెలాగూ పోయేదేగా."

దీన్ని మనవాళ్లు భక్తి అంటారు, పెద్దల పట్ల గౌరవం అంటారు, కొత్తగా టీమ్ స్పిరిట్ అని కూడా అంటున్నారు. ముగ్గురికి ఇల్లు అప్పు, ఏడుగురికి గ్రీన్‌కార్డు; నోరు విప్పనివ్వనిది అదీ. భయానికి పట్టు పంచె కట్టి, బొట్టు పెట్టి, దండం పెడుతున్నారు.

మంగళవారం ఆవిడ పద్మనాభం గారి గదికి వెళ్లింది. తలుపు వేసి, గొంతు తగ్గించి, ఆయన పరువు పోకుండా చెప్పింది.

"ఆ ఫోటో ఎవరు పెట్టారో తెలుసా అమ్మా?"

"లాగ్‌లో మీ పేరే ఉంది సార్."

"ఆయన మనందరికీ అన్నం పెట్టిన మనిషి. ఇంట్లో దేవుడి పటం బరువుగా ఉందని తీసి బయట పెడతామా?"

"ఇంట్లో ఒక్కటే ఉంటది సార్. ఇక్కడ ఆరున్నయి. పైగా కనపడనే కనపడదు."

"కనపడకపోతేనేం? దేవుడు మాత్రం కనపడతాడా?"

విజయశ్రీ తను రాసుకొచ్చిన జాబితా ముందుకు జరిపింది. ఆయన కాగితం మీద ఆరు లైబ్రరీల పేర్లు చూసి ఒకదాని మీద వేలు పెట్టాడు.

"ఈ స్పానిష్ లేబుల్స్ ఎంత?"

"ఫోటో కాక ఒక ఎంబీ ఉంటది."

"తీసేయ్."

"సార్, అది మందు సీసా మీద వస్తది. రోజుకు ఎన్నిసార్లు వేస్కోవాలో, ఖాళీ కడుపుతోటి వేస్కోవద్దో... పత్తి చేన్లల్ల పనిచేసేటోళ్లు చాలామంది..."

"ఇంగ్లీషులో ఉందిగా. ఈ దేశం వచ్చినవాళ్లు ఇక్కడి భాష నేర్చుకోవాలమ్మా."

ఈ మాట ఆయన తెలుగులో అన్నాడు.

మే ఆఖరి వారంలో ఆవిడ బిల్డ్ చేసింది. స్పానిష్ లేబుళ్లు ఉంచింది. ఫోటోలు తీసేసింది, ఆరూ. మూట ఆరు పాయింట్ ఎనిమిది ఎంబీలైంది. పద్మనాభం గారు అంకె చూశాడు, ఎలా వచ్చిందని అడగలేదు. ఆయనకు కావలసింది అంకే. సాయంత్రానికల్లా 'మన ప్యాకింగ్ టెక్నాలజీ రెండో దశ విజయవంతం' అని ఆయన సందేశం అందరికీ వెళ్లింది.

కథ ఇక్కడే ఆగిపోయి ఉంటే ఆవిడకు ఏ ఇబ్బందీ లేదు. ఆగనివ్వనిది డ్వేన్ అనే మనిషి. రెండువందల పన్నెండు షాపుల కంప్యూటర్లు అతని బాధ్యత. మే నెలలో షాపు స్తంభించిపోయినప్పుడు తిట్లు తిన్నది అతనే. అతను విజయశ్రీకి రాశాడు: ఏం మార్చారో రెండు లైన్లలో రాసివ్వండి. మళ్లీ ఆ ప్యాకింగ్ గారడీ అయితే మాకు వద్దు, కాంట్రాక్టూ వద్దు.

ఆ ఉత్తరం పద్మనాభం గారికీ కాపీ వెళ్లింది. ఆయన అరగంటలో జవాబు తయారుచేసి విజయశ్రీకి పంపాడు, ఆవిడ పేరుతో వెళ్లడానికి. 'అత్యాధునిక కంప్రెషన్ ద్వారా పరిమాణాన్ని గణనీయంగా...' అని మొదలైంది.

ఇంట్లో రాజ్ అది చదివాడు. ఉల్లిపాయలు తరిగే కత్తి ఇంకా చేతిలోనే ఉంది.

"పంపెయ్. సెప్టెంబర్ దాకా నోరు మూసుకుంటే అయిపోయేది కదా."

"మూసుకుంటేనే అయిపోతది. కంప్రెషన్ అని చూస్తే డ్వేన్ వద్దంటడు. కాంట్రాక్ట్ పోతది, నేనూ పోత."

"నిజం రాస్తే పద్మనాభం ఊరుకుంటాడా?"

"ఊరుకోడు."

"మరి?"

"అది పంపితే కచ్చితంగ పోత. ఇది పంపితే పోవచ్చు."

ఇది సావనీర్ కోసం రాసి ఉంటే ఇక్కడ 'అంతరాత్మ ప్రబోధం' వచ్చేది. ఆవిడకు అంతరాత్మ ఏమీ ప్రబోధించలేదు. రెండు ప్రమాదాల్లో చిన్నది ఏదో చూసుకుంది. ఆ లెక్క చేయగలిగినవాళ్లు ఆ ఆఫీసులో ఇంకా పదిమంది ఉన్నారు, కానీ వాళ్లెవరి కుర్చీ కిందా నిప్పు లేదు.

పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి రెండు లైన్లు రాసింది: 'ప్యాకింగ్ వాడలేదు. ప్రతి లైబ్రరీలోనూ వాడుకలో లేని ఫోటో ఒకటి ఉంది, ఆరు కాపీలు, మొత్తం పన్నెండు ఎంబీలు, తీసేశాం.' ఎవరి ఫోటో అని రాయలేదు, ఎవరు పెట్టారనీ రాయలేదు. పద్మనాభం గారికి కాపీ పెట్టి పంపింది.

డ్వేన్ జవాబు పదకొండింటికి వచ్చింది. 'ఎవరి ఫోటో? అందంగా ఉన్నాడా?' కింద ఇంకో లైను: ముప్ఫై ఎనిమిది నిమిషాల్లో దిగింది, అన్ని షాపులకూ పంపండి.

పద్మనాభం గారు పన్నెండింటికి పిలిచాడు. ఈసారి తలుపు ఆయనే వేశాడు.

"నీకు నేనేం తక్కువ చేశానమ్మా?"

"ఏం తక్కువ చెయ్యలేదు సార్."

"కస్టమర్ ముందు ఇంటిగుట్టు పెడతావా? ఇప్పుడు ఇది మన స్థాపకుల దాకా వెళితే ఏం చెప్పాలి నేను? 'మీ ఫోటో తీసేశాం' అని చెప్పాలా?"

"ఆయనకు ఫోటో ఉందని తెల్సా సార్?"

తెలియదు. మూడేళ్లుగా స్థాపకుడు ఆ సాఫ్ట్‌వేర్ తెరిచిన పాపాన పోలేదు. ఏడాదిలో సగం కొలరాడోలో చేపలు పడతాడు. తనకు ఆరుచోట్ల విగ్రహ ప్రతిష్ఠ జరిగిందనీ, ఒకేసారి నిమజ్జనమైందనీ ఆయనకు ఇప్పటికీ తెలియదు. దేవుడికి తెలియని పూజకు పన్నెండు ఎంబీలు, దాన్ని కాపాడటానికి పదకొండుమంది రెండు వారాల పని, ఒక ఊరి ఇన్సులిన్.

"జూలైలో రీఆర్గ్ ఉంది, కుర్చీలన్నీ మారతాయి" అన్నాడు పద్మనాభం గారు చివరికి. "చూద్దాం."

జూన్ పద్దెనిమిదిన కాంట్రాక్ట్ రెన్యువల్ వచ్చింది. డ్వేన్ దాంట్లో ఒక షరతు చేర్పించాడు: ఏడాదిపాటు ప్రతి అప్‌డేట్‌కూ ఏం మారిందో చెప్పే నోట్ కావాలి, దాని మీద విజయశ్రీ సంతకం కావాలి, వేరేవాళ్ల సంతకం చెల్లదు. ఆవిడ పేరు స్పెల్లింగ్ తప్పు రాశారు. లాయర్ సరిచేశాడు. జూలైలో రీఆర్గ్ జరిగింది. హైదరాబాద్ వెండర్ ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆఫీసులో తెలుగువాళ్లు ఒక్కొక్కరే వచ్చి "మేమంతా నీ వెనకే ఉన్నాం" అని చెప్పి వెళ్లారు. చాలా వెనక ఉన్నారన్నది నిజమే.

చక్రపాణి అన్నాడు: "లక్కీ నువ్వు."

"మరి నువ్వు చెప్పకపోయినవా ముందే? నువ్వే లక్కీ అయ్యేటోడివి."

"నాకు లక్ పడదులే. ఎలర్జీ."

సెప్టెంబరులో లేబర్ అప్లికేషన్‌కు ఏడాది నిండింది. పొడిగింపు కాగితాలకు కంపెనీ తరఫున డైరెక్టర్ సంతకం కావాలి. లాయర్ ఆఫీసువాళ్లు పసుపు చీటీలు అంటించి పంపారు, ఎక్కడెక్కడ పెట్టాలో. విజయశ్రీ వాటిని తీసుకుని గదిలోకి వెళ్లింది. పద్మనాభం గారు ప్రతి కాగితం చదివాడు. అంతకుముందు ఎవరి కాగితాలూ అలా చదివి ఎరుగడు. 'ఈ ఉద్యోగి సేవలు కంపెనీకి అత్యవసరం' అన్న వాక్యం దగ్గర కాసేపు ఆగాడు. తరువాత టేబుల్ మీద పెన్ను కోసం వెతికాడు. దొరికింది రాయలేదు. రెండోదీ రాయలేదు.

ఆవిడ తన పెన్ను ఇచ్చింది. నాలుగు చోట్ల సంతకం పెట్టాడు. కాగితాలు ఫోల్డర్‌లో పెట్టుకుంది. ఆయన పెన్ను చేతిలో పట్టుకుని ఏదో హితబోధ మొదలుపెట్టాడు, విధేయత గురించి. ఆవిడ పూర్తిగా విన్నది, నిలబడే.

అయిపోయాక చేయి చాపింది.

"పెన్ను, సార్."